మచ్చల బల్లికి పేరు పెట్టిన మనిషి: ఎడ్వర్డ్ బ్లైత్ జీవితం

పసుపు వన్నె చర్మంపై నల్లని చుక్కలు, కొవ్వు నిల్వ చేసుకునే లావాటి తోక, రెప్పలార్చే కళ్లు. లెపర్డ్ గెకో అనే పేరుతో ప్రపంచమంతటా పరిచయమైన ఈ చిరుతమచ్చల బల్లి నేడు పెంపుడు సరీసృపాలలో అత్యంత ఆదరణ పొందిన వాటిలో ఒకటి. పెంపకందారులు దీనిలో తెల్లనివి, నారింజ వన్నెవి, చుక్కలే లేనివి, ఎర్రకళ్లవి, మామూలు వాటికంటే భారీ కాయం గలవి అంటూ పదుల సంఖ్యలో రకాలను సృష్టించారు. శాస్త్ర గ్రంథాలలో దీని పేరు యూబ్లెఫారిస్ మ్యాకులేరియస్. ఆ పేరు వెంట ఒక ఇంటిపేరు, ఒక సంవత్సరం తప్పక కనిపిస్తాయి: బ్లైత్, 1854.

ఆ బ్లైత్ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో రెండు దశాబ్దాలు క్యూరేటర్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్. భారత ఉపఖండపు పక్షులు, జంతువుల అధ్యయనానికి పునాది వేసినవారిలో ఆయన ఒకరు. జంతువులలో రంగు, పరిమాణం ఎందుకు మారుతుంటాయన్న ప్రశ్నను జన్యుశాస్త్రం పుట్టకముందే చేతికెత్తుకున్నవాడు. చార్లెస్ డార్విన్ మిక్కిలి విలువనిచ్చిన సమాచారదాత. అయినా ఆయన జీవితం చాలీచాలని జీతంతో, తీరని అప్పులతో, చివరకు మనోవ్యాధితో గడిచింది.

మందుల దుకాణం నుంచి అడవి బాటకు

బ్లైత్ 1810 డిసెంబర్ 23న లండన్‌లో జన్మించారు. తండ్రి బట్టల వ్యాపారి. బ్లైత్‌కు పదేళ్లయినా నిండకముందే ఆయన మరణించారు. నలుగురు పిల్లల భారం తల్లిపై పడింది. ఆమె పెద్దకొడుకును వింబుల్డన్‌లోని బడిలో చేర్చారు. చదువులో చురుకైనవాడే గాని, ఆ బాలుడి మనసు తరగతి గదిలో నిలిచేది కాదు. చుట్టుపక్కల తోపుల్లో పక్షుల వెంట, పురుగుల వెంట తిరిగేవాడు.

కుటుంబానికి ఆసరా అవుతాడన్న ఆశతో అతనికి రసాయన శాస్త్రం, మందుల తయారీ నేర్పించారు. యుక్తవయసు రాగానే చేతికొచ్చిన కొద్దిపాటి ఆస్తితో లండన్ శివారులోని టూటింగ్‌లో మందుల దుకాణం కొన్నారు. కాని దుకాణాన్ని ఇతరులకు వదిలి ఆయన పుస్తకాలు, పక్షులు, నమూనాల మధ్యే కాలం గడిపారు. వ్యాపారం దెబ్బతిన్నది. ఆనాడు మొదలైన ఆర్థిక ఇబ్బంది జీవితాంతం ఆయనను వీడలేదు.

చేతిలో డబ్బు లేకపోయినా కలానికి మాత్రం తీరిక ఉండేది కాదు. గిల్బర్ట్ వైట్ రచించిన సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర గ్రంథాన్ని 1836లో సంపాదకత్వం వహించి వెలువరించారు. క్యువియే రచించిన జంతు ప్రపంచం గ్రంథపు ఆంగ్ల ప్రచురణకు 1840లో తోడ్పడ్డారు. అయితే ఆయన పేరును చరిత్రలో నిలిపినవి 1835 నుంచి 1837 వరకు మ్యాగజైన్ ఆఫ్ నేచురల్ హిస్టరీలో అచ్చయిన వ్యాసాలు.

రంగు, పరిమాణం: 1835 నాటి ప్రశ్న

ఇరవై నాలుగేళ్ల వయసులో రాసిన తొలి వ్యాసంలో బ్లైత్ జంతువులలో కనిపించే తేడాలను నాలుగు తరగతులుగా విభజించారు. మొదటిది సాధారణ భేదాలు. శరీర నిర్మాణంలో పెద్ద మార్పు లేకుండా కేవలం రంగులోనో, పరిమాణంలోనో కనిపించే తేడాలివి. వర్ణకం లేక తెల్లగా పుట్టే జీవులను ఆయన ఇక్కడే చర్చించారు. రెండవది ఆహారం, బంధనం, పరిసరాల వల్ల కలిగే భేదాలు. కారణం తొలగితే ఇవీ తొలగిపోతాయని ఆయన అభిప్రాయం. మూడవది మనిషి ఎంపిక చేసి జతకట్టించడం వల్ల తరతరానికీ బలపడే లక్షణాలు. నాలుగవది ఒక్కసారిగా పుట్టుకొచ్చే వింత రూపాలు. పొట్టి కాళ్లతో పుట్టిన గొర్రె నుంచి వృద్ధిచేసిన అమెరికా గొర్రెల జాతి దీనికి ఆయన చూపిన ఉదాహరణ.

మూడవ తరగతి వివరణ నేటి పాఠకుడికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒకే విశేషం గల రెండు జంతువులను జతపరచి, వాటి సంతతిలో ఆ విశేషం మిక్కిలిగా ఉన్నవాటినే ఎన్నుకుంటూ పోతే, కొన్ని తరాలకు మూలరూపానికి చాలా దూరమైన జాతి తయారవుతుందని ఆయన స్పష్టంగా గుర్తించారు. నేటి గెకో పెంపకందారుడు నారింజ వన్నెను తరతరానికీ గాఢం చేస్తున్నది అచ్చంగా ఈ పద్ధతిలోనే.

ఇలాంటి వింత రూపాలు అడవిలో ఎందుకు నిలవవన్న ప్రశ్ననూ ఆయన విడిచిపెట్టలేదు. బలమైనది, పరిసరాలలో కలిసిపోయే రంగు గలది బతికి సంతానాన్ని కంటుంది. కొట్టొచ్చినట్టు కనిపించే రంగు గలది వేటజీవుల కంటపడి నశిస్తుంది అని వివరించారు. అంటే ప్రకృతి వరణపు ఒక ముఖాన్ని ఆయన చూశారు. కాని దానిని జాతిని మార్చే శక్తిగా గాక, జాతి స్వరూపాన్ని చెదరనీయకుండా కాపాడే శక్తిగా భావించారు. అదే యంత్రాంగం కాలక్రమంలో కొత్త జాతులను సృష్టించగలదన్న మెట్టును ఎక్కినవారు డార్విన్, వాలెస్. డార్విన్ తన మూలభావాన్ని బ్లైత్ నుంచి గ్రహించి ఆ మాట దాచారని అమెరికా మానవశాస్త్రవేత్త లోరెన్ ఐస్లీ 1959లో వాదించారు. ఇద్దరి ఆలోచనల మధ్య ఉన్న ఈ మౌలిక భేదాన్ని చూపి తరువాతి చరిత్రకారులు ఆ వాదాన్ని చాలావరకు తోసిపుచ్చారు.

కలకత్తాలో ఇరవై ఏళ్లు

1841లో ఏషియాటిక్ సొసైటీ తన మ్యూజియానికి జీతంపై క్యూరేటర్‌ను నియమించదలచింది. ఏడాదికి సుమారు 300 పౌండ్ల జీతానికి ఐరోపా నుంచి అర్హుడెవరూ రాడనే అనుకున్నారు. బ్లైత్ వచ్చారు. ఓడ ప్రయాణానికి కూడా ముందస్తుగా సొమ్ము తీసుకోవలసి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో కలకత్తా చేరారు. తరువాత ఇరవై ఏళ్లలో ఆ జీతం పెరగలేదు.

మ్యూజియంలో నమూనాలు చిందరవందరగా ఉండేవి. వాటిని శుభ్రపరచడం, పేర్లు నిర్ణయించడం, జాబితాలు రాయడం, దేశం నలుమూలల నుంచి వచ్చే ఉత్తరాలకు జవాబులివ్వడం ఆయన నిత్యకృత్యం. నేపాల్ నుంచి బ్రయన్ హాడ్జ్‌సన్, బర్మా నుంచి ఆర్థర్ ఫేర్, దక్షిణాది నుంచి థామస్ జెర్డన్ వంటివారు నమూనాలు పంపేవారు. బ్లైత్ అడవుల్లో తిరిగి సేకరించినది తక్కువ. ఇతరులు పంపిన చర్మాలు, ఎముకలు, సారాయిలో భద్రపరచిన కళేబరాల నుంచే ఉపఖండపు జీవజాలానికి చిత్రపటం గీశారు.

తెలుగు నేలతో ఆయనకున్న అనుబంధం ఈ మార్గంలోనే ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ తూర్పు కనుమల ప్రాంతంలో కనుగొన్న ఒక అరుదైన పక్షికి 1848లో శాస్త్రీయ నామం పెట్టింది బ్లైత్. అదే మన కలివికోడి. పెన్నా, గోదావరి లోయల్లో కనిపించిన ఆ పక్షి 1900 తరువాత కంటికి ఆనక అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో అది తిరిగి కనిపించినప్పుడు దేశమంతా సంబరపడింది. దాని పేరు వెంట నేటికీ బ్లైత్ పేరు నడుస్తోంది.

ఉప్పు కొండల బల్లి

1854లో పంజాబ్ ఉప్పు కొండల ప్రాంతం, అంటే నేటి పాకిస్థాన్‌లోని సాల్ట్ రేంజ్, నుంచి వచ్చిన సరీసృపాలను బ్లైత్ పరిశీలించారు. వాటిలో ఒక బల్లి ఒంటిపై చుక్కలున్నాయి. చుక్కలు గలదనే అర్థంలో మ్యాకులేరియస్ అని పేరు పెట్టి, సొసైటీ పత్రికలో క్యూరేటర్ నివేదికలో భాగంగా కొద్ది వాక్యాలలో వర్ణించారు. ఆయన దానిని సిర్టోడాక్టిలస్ అనే ప్రజాతిలో చేర్చారు. తరువాత అది యూబ్లెఫారిస్‌కు మారింది. అందుకే శాస్త్ర గ్రంథాలలో ఆయన పేరును బ్రాకెట్లలో ఉంచుతారు. ప్రజాతి మారినా జాతికి మొదట పేరు పెట్టినవారి గుర్తు చెరగకుండా పాటించే మర్యాద అది.

అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతంలోని రాతి నేలలు ఈ బల్లికి పుట్టినిళ్లు. గోడలపై పాకే బల్లులకు ఉండే అంటుకునే పాదాలు దీనికి లేవు. కనురెప్పలు మాత్రం ఉన్నాయి. పగలు రాళ్ల సందుల్లో దాగి, మాపటివేళ పురుగులను వేటాడుతుంది. పిల్లలు నలుపు, పసుపు అడ్డపట్టీలతో పుడతాయి. పెరిగేకొద్దీ పట్టీలు చెదిరి చుక్కలవుతాయి. దీని దగ్గరి బంధువు ఒకటి మన తూర్పు కనుమల్లోనూ ఉంది. ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో కనిపించే ఆ బల్లిని యూబ్లెఫారిస్ పిక్టస్ అనే ప్రత్యేక జాతిగా 2022లో గుర్తించారు. ఈ బల్లులు విషపూరితమని దేశంలో పలుచోట్ల నమ్ముతారు. వాటికి విషం లేదు.

అదే 1854లో బ్లైత్ వివాహం చేసుకున్నారు. సంసారపు ఖర్చులు పెరిగాయి. మారుపేరుతో వేట పత్రికకు వ్యాసాలు రాశారు. జీవమున్న జంతువులను భారతదేశం నుంచి ఇంగ్లండ్‌కు పంపి అమ్మే వ్యాపారానికి పూనుకుని, డార్విన్‌ను, పక్షిశాస్త్రవేత్త జాన్ గూల్డ్‌ను కలిసి రమ్మని కోరారు. ఇద్దరూ అంగీకరించలేదు. మ్యూజియం పనులలో జాప్యంపై సొసైటీ సభ్యులతో వివాదాలూ తప్పలేదు. 1857 డిసెంబర్‌లో భార్య మరణించారు. మూడేళ్ల దాంపత్యం ముగియడంతో ఆయన కుంగిపోయారు.

డార్విన్‌కు అందిన ఉత్తరాలు

ఆ ఇబ్బందుల నడుమనే ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైన ఉత్తరాల యుగం నడిచింది. 1855లో డార్విన్ పెంపుడు జంతువుల రకాల గురించి ప్రశ్నలు పంపడం మొదలుపెట్టారు. పావురాలు, కోళ్లు, పశువులు, గుర్రాలు, పిల్లులు ఎక్కడెక్కడ ఏ రంగుల్లో, ఏ పరిమాణంలో ఉన్నాయో బ్లైత్ పుటలకు పుటలు రాసి పంపారు. మన పల్లెల్లో పందెం కోళ్లను ఈక రంగును బట్టి డేగ, కాకి, నెమలి అని విడివిడిగా పిలుస్తారు. ఇన్ని రంగుల కోళ్లూ ఒకే అడవికోడి సంతతి అని బ్లైత్ అభిప్రాయం. డార్విన్ ఆ అభిప్రాయాన్ని తన జాతుల ఉత్పత్తి గ్రంథం తొలి అధ్యాయంలోనే గౌరవంగా పేర్కొన్నారు. 1868లో వెలువడిన, పెంపకంలో జంతువులు, మొక్కల వైవిధ్యంపై రాసిన గ్రంథంలోనూ బ్లైత్ సమాచారం విస్తారంగా ఉంది.

1855 డిసెంబర్‌లో రాసిన ఒక ఉత్తరం ప్రత్యేకమైనది. ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ కొత్త జాతుల ఆవిర్భావంపై అప్పుడే ప్రచురించిన వ్యాసాన్ని తప్పక చదవాలని బ్లైత్ అందులో డార్విన్‌ను కోరారు. జాతులు స్థిరమని ఇరవై ఏళ్ల కిందట రాసిన మనిషి, తన పాత నమ్మకాన్ని కదిలించే వాదంలో పస ఉందని గ్రహించి మరొకరికి చూపించారు. పాండిత్యంతో పాటు ఆయన నిజాయితీకి ఇది నిదర్శనం.

ఆయనకు అందని తాళపుచెవి

బ్లైత్ దగ్గర ఉదాహరణలు కోకొల్లలు. వాటి వెనుక ఉన్న నియమం మాత్రం ఆయనకు చిక్కలేదు. గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కల ఫలితాలు 1866లోనే అచ్చయినా లోకం వాటిని గుర్తించింది 1900లో. బ్లైత్‌ను వేధించిన ప్రశ్నలకు ఆయన పేరు పెట్టిన బల్లే నేడు చక్కని సమాధానం చెబుతోంది.

తెల్లబారిన ఆల్బినో గెకోలలో ఆ లక్షణం అంతర్గత జన్యువు వల్ల కలుగుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులూ అందితేనే అది బయటపడుతుంది. ఒకే ప్రతి గల బల్లి మామూలుగానే కనిపిస్తుంది. అలాంటి రెండింటిని జతకట్టిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి ఆల్బినోగా పుడుతుంది. పెంపకంలో ట్రెంపర్, రెయిన్‌వాటర్, బెల్ అనే మూడు వేర్వేరు ఆల్బినో వంశాలున్నాయి. ఒక వంశపు ఆల్బినోను మరో వంశపు ఆల్బినోతో జతకట్టిస్తే పిల్లలు ఆల్బినోలు కావు. ఒకే రూపం వెనుక వేర్వేరు జన్యువులు ఉన్నాయనడానికి ఇది రుజువు. స్నో అనే రకంలో పద్ధతి వేరు. ఒక ప్రతి ఉంటే పసుపు తగ్గి పాలిపోయిన వన్నె, రెండు ప్రతులు ఉంటే పూర్తిగా భిన్నమైన తెలుపు నలుపు రూపం. దీనిని అసంపూర్ణ బహిర్గతత్వం అంటారు.

పరిమాణం సంగతి ఇంత సులభం కాదు. జెయింట్, సూపర్ జెయింట్ అనే పేర్లతో భారీ గెకోలను అమ్ముతారు. దానికి ఒకే జన్యువు కారణమని మొదట ప్రచారమైంది. కాని పెరుగుదల అనేక జన్యువులపై, ఆహారంపై, పొదిగే వేడిమిపై ఆధారపడుతుంది. గుడ్డును ఎంత వేడిమిలో పొదిగితే ఏ లింగపు పిల్ల వస్తుందో కూడా ఈ జాతిలో దానిని బట్టే నిర్ణయమవుతుంది. సుమారు 26 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎక్కువగా ఆడవి, 32 డిగ్రీలు దాటిన చోట ఎక్కువగా మగవి, ఇంకా పెరిగితే మళ్లీ ఆడవి వస్తాయి. తిండి వల్ల వచ్చిన లావును వంశ లక్షణమని నమ్మి కొనేవారు మోసపోతున్నారు. పుట్టుకతో వచ్చే తేడాలను, పోషణ వల్ల వచ్చే తేడాలను కలిపివేయరాదని 1835లోనే రెండు వేర్వేరు తరగతులుగా చూపిన బ్లైత్ విభజన ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది.

ఆయన చేసిన మరో పరిశీలన ఇంకా గంభీరమైనది. మనిషి అండ లేకుండా కొన్ని రూపాలు నిలవలేవన్నది దాని సారాంశం. ఎనిగ్మా అనే రకపు గెకోలలో చాలావాటికి నరాల లోపం ఉంటుంది. తల వాల్చి, గుండ్రంగా తిరుగుతూ, ఎదుటి పురుగును అందుకోలేక తడబడతాయి. లెమన్ ఫ్రాస్ట్ అనే మెరిసే పసుపు తెలుపు రకం పదేళ్ల కిందట సంచలనం సృష్టించింది. అధిక ధర పలికింది. కొంతకాలానికే వాటి చర్మంపై తెల్లని కణుతులు కనిపించాయి. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల నాయకత్వంలో జరిగి, 2021లో ప్రచురితమైన పరిశోధన దీని గుట్టు విప్పింది. ఆ రంగుకూ, ఆ కణుతులకూ స్పింట్-1 అనే జన్యువుతో ముడిపడిన ఒకే మార్పు కారణమని సూచించింది. కాంతిని పరావర్తనం చేసే చర్మకణాలు హద్దు మీరి పెరగడమే మెరుపు, అదే కణుతి. ఆ రకంలో 80 శాతానికి పైగా జీవులకు కణుతులు వచ్చాయి. పలువురు పెంపకందారులు ఆ వంశాన్ని పెంచడం మానుకున్నారు. ఆ బల్లుల బాధ మిగతా జీవులకు ఉపకరించే అవకాశమూ ఉంది. మనుషుల చర్మ క్యాన్సర్‌తోనూ ఆ జన్యువుకు సంబంధం ఉన్నట్టు శాస్త్రవేత్తలు గమనించారు.

చివరి సంవత్సరాలు

ఆరోగ్యం క్షీణించడంతో బ్లైత్ 1862లో కలకత్తా విడిచి ఇంగ్లండ్ చేరారు. ఎన్నో విన్నపాల తరువాత ఏడాదికి 150 పౌండ్ల పింఛను మంజూరైంది. మనస్థితి దెబ్బతిని కొంతకాలం మానసిక చికిత్సాలయంలో గడపవలసి వచ్చింది. కోలుకున్న రోజుల్లో పక్షులపై వ్యాసాలు రాశారు. బర్మా జంతువులు, పక్షుల జాబితాపై పనిచేస్తుండగానే 1873 డిసెంబర్ 27న, అరవై మూడవ పుట్టినరోజు గడిచిన నాలుగు రోజులకు, లండన్‌లో కన్నుమూశారు. ఆ జాబితా 1875లో వెలువడింది. ఆయన సర్దిన సేకరణలు కలకత్తాలోని ఇండియన్ మ్యూజియానికి చేరి, దేశంలో జంతుశాస్త్ర పరిశోధనకు మూలధనమయ్యాయి. పలు పక్షులు ఆయన పేరు మోస్తున్నాయి.

చిరుతమచ్చల బల్లిని కొనదలచిన ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న ఏ రంగుదన్నదే. తల్లిదండ్రుల వంశం ఏమిటి, ఆ రంగు వెంట వ్యాధి వస్తుందా, పరిమాణం పుట్టుకతో వచ్చిందా లేక తిండితో వచ్చిందా అన్నవి తరువాత అడగవలసినవి కావు, ముందే అడగవలసినవి. రంగు ఎందుకు మారుతుంది, ఆ మార్పు జీవికి మేలా కీడా అని విచారించిన తొలితరం వారిలో బ్లైత్ ఒకరు. ఆయన సారాయి సీసాలోని ఒక నమూనాను చూసి పేరు పెట్టారు. ఆ పేరు గల ప్రాణులు ఇప్పుడు లక్షల ఇళ్లలో మనుషుల ఎంపికపైనే ఆధారపడి బతుకుతున్నాయి.